లాక్‌డౌన్ల తలకు దెబ్బ తాకినోళ్లను ఇంట్ల ఎట్ల చూస్కోవాలె, ఫోన్ మీద ఎట్ల సాయం చెయ్యాలె

మా తమ్మునికి 2019ల నార్కట్‌పల్లి కాడ బండి యాక్సిడెంట్ అయింది, తలకు ఆపరేషన్ చేసిండ్రు. ఇంటికొచ్చినంక కుడి చెయ్యి, కాలు సరిగ్గ రాకపోయేది, మాట ఆగి ఆగి వచ్చేది, పొద్దున తిన్నది పగటీలికి యాదుండకపోయేది. సోమవారం, గురువారం నల్లగొండకు ఫిజియోథెరపీకి తీస్కపోతుంటిమి, 2020 మార్చిల లాక్‌డౌన్ పడంగనే అది బంద్ అయింది. అప్పుడు మేము, మా లెక్కనే ఇంకో అయిదిండ్లోళ్లం, ఫోన్ల మీద ఒకరికొకరం ఆసరా అయినం. మళ్ల కరోనా అసుంటి రోగం వస్తే ఎవరికన్న పనికొస్తదని రాస్తున్న.

ముందుగాల టైం కాపాడుండ్రి. ఎక్సర్‌సైజుల సంగతి తర్వాత. మావోడు సోమవారం రాంగనే చెప్పులేస్కొని గేటు పట్టుకొని "బస్సు, బస్సు" అంటుండె, కరోనా అని చెప్తే తలూపుతడు, అయిదు నిమిషాలకు మళ్ల అదే మాట, ఆఖరికి కోపానికొచ్చి గేటును గుద్దుడు. ఒకరోజు అమ్మ ఏం చేసిందంటే వానితోని ఏం వాదించలేదు, చెయ్యి పట్టుకొని గేటు దాటిచ్చి యాపచెట్టు సుట్టు తిప్పి తీస్కొచ్చి అరుగు మీద కూసోబెట్టి "సార్ చెప్పిన చెయ్యి పని చేద్దాం పా" అన్నది, వాడు చేసిండు. అప్పటిసంది అదే టైంకు, అవే చెప్పులు, అదే చెట్టు. మీరు గూడ క్యాలెండర్ల పెద్ద అక్షరాలతోని రాసి గోడకు పెట్టుండ్రి, అయిపోయిన పని మీద వాళ్ల చేతనే గీత కొట్టియ్యుండ్రి.

ఫిజియో సార్ వీడియోల చూసేటప్పుడు ఫోన్ చేతుల పట్టుకోవద్దు, బియ్యం డబ్బకు ఆనిచ్చి పెట్టుండ్రి, తల నుంచి పాదం దాంక కనపడాలె. సిగ్నల్ లేకపోతే నడిచేది, చెయ్యి లేపేది ముందే రికార్డ్ చేసి వాట్సాప్ చేసి, తర్వాత మామూలు ఫోన్ల మాట్లాడుండ్రి. టీవీ బంద్ పెట్టాలె, ఒక్కరే మాట్లాడాలె, పదిహేను ఇరవై నిమిషాలు చాలు, దెబ్బ తాకిన మెదడు జల్ది అలసిపోతది. ఒక్కసారి ఒక్కటే ప్రశ్న అడిగి మనసుల పది లెక్కపెట్టేదాంక ఆగుండ్రి, మాట అందియ్యాలని తొందరపడొద్దు. ఇంకోటి, మాట రానోళ్లు ఎదుటోళ్ల నోరు, మొఖం చూసి అర్థం చేస్కుంటరు, మాస్క్ ఉంటే అది పోతది, గందుకే మావోనికి ఎదురుంగ కూసొని మాస్క్ తోని చెప్పేదాని కంటే వీడియోనే నయమనిపిచ్చింది. మాస్క్ సొంతంగ తీస్కోరానోళ్లకు మాత్రం అస్సలు పెట్టొద్దు, ఊపిరాడదు, ఇంట్లోళ్లే జాగ్రత్తగ ఉండాలె.

డాక్టర్ ఫిట్స్ గోలీలు రాసినోళ్లకు అవి ఒక్కపూట గూడ తప్పొద్దు, సడన్‌గ ఆపితే ఫిట్స్ ఎక్కువైతయి. పదిరోజులయి మిగిలినయంటేనే వెతుకుడు షురూ చెయ్యాలె, మా దగ్గర మెడికల్ షాపు తెర్శి ఉన్నా ఆ గోలీ ఉండకపోయేది. చీటీ ఫోటో తీసి పెట్టుకోండ్రి. 2020ల సర్కారు ఈ-సంజీవని అని ఫోన్ల డాక్టర్ను చూపిచ్చుకునేది గూడ పెట్టింది.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పండబెట్టుండ్రి, తాళంచెవులు చేతుల పెట్టుడు, నోట్ల చెంచా పెట్టుడు వద్దు, గడియారం చూడుండ్రి, అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా 108కి కొట్టుండ్రి. దవాఖానకు పోతే కరోనా అంటుతదని ఇంట్లనే ఉంచొద్దు. కొత్తగ మత్తుగ పడుకునుడు, వాంతులు, మాట ఇంకింత తడబడుడు ఉంటే "ఎప్పుడుండేదే కదా" అనుకోవద్దు. జ్వరం వచ్చినా ఫిట్స్ రావొచ్చు, ఆక్సిజన్ తక్కువైనా మనిషి ఆగమైతడు, వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్ల 94 శాతం కంటే తగ్గితే ఆగొద్దు, దవాఖానకు తీస్కపోవాలె.

మంచంల ఉన్నోళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలె, బువ్వ కూసోబెట్టే తినిపియ్యాలె.

ఇగ మీరు పది ఇండ్లకు ఫోన్ చేసి అర్సుకునేటోళ్లయితే, ప్రతి ఇంటికి రెండు ఫోన్లు చెయ్యుండ్రి. ఒకటి దెబ్బ తాకినాయనకు, ఇంకోటి చూస్కునే ఆమెకు, ఆమె బాయి కాడికో మేడ మీదికో పోయినంక. ఆయన ముంగట ఆమె ఏం చెప్పదు. మా గ్రూపుల ఒకామె నెలరోజులు "మంచిగనే ఉన్నం అక్క" అన్నది, ఒంటరిగ దొరికినంక చెప్పింది, రాత్రి నిద్రపోడు, చెయ్యి చేస్కుంటుండు అని. నిద్ర ఉందా, గోలీలు ఎన్నిరోజులకున్నయి, పడ్డడా, కొడుతుండా, నువ్వు తిన్నవా, ఈ అయిదు నోట్‌బుక్కుల రాస్కోండ్రి, ఫోన్ చేసేది ఎప్పుడూ ఒకే మనిషి, ఒకే టైం ఉండాలె. స్మార్ట్‌ఫోన్ లేనోళ్లను యెనకకు పెట్టొద్దు, వాళ్లకే ముందు చెయ్యాలె.

ఫిజియోథెరపీ సెంటర్లు మళ్ల తెర్శినంక ఒకేసారి పొద్దంత తీస్కపోవద్దు. ముందురోజే గోడ మీద రాసి చూపియ్యుండ్రి, మొదటిరోజు ఊకె పోయి సార్‌ను చూసి రావాలె, ఇంటికాడి పని మాత్రం ఆపొద్దు. మావోడు ఇప్పటికీ బస్సెక్కే ముందల ఆ యాపచెట్టు సుట్టు తిరిగే పోతడు.