స్క్వాట్ పెరగట్లేదా? ప్రోగ్రామ్ మార్చే ముందు టిఫిన్ డబ్బా తెరవండి

నేను ఆటలాడే పిల్లలకు జిమ్‌లో బలం పెంచే కోచ్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో లక్షణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. భుజాల మీద బార్ పెట్టుకుని గుంజీలా కూర్చుని లేచే స్క్వాట్‌లో నెల రోజులుగా రెండున్నర కిలోలు కూడా పెరగదు. ఆట కోర్టులో దిగిన పది నిమిషాలకే కాళ్లు బరువెక్కుతాయి. గోడ మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి చూసే జంప్ రెండు మూడు సెంటీమీటర్లు తగ్గి అక్కడే ఉండిపోతుంది. ఇక పేరెంట్స్ వచ్చి అడిగేది ఒక్కటే: "సార్, ప్రోగ్రామ్ మారుద్దామా?"

వద్దు. ముందు జంప్ ఎప్పుడు కొలిచారో చెప్పండి. ఆదివారం టోర్నమెంట్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడి, సోమవారం పొద్దున కొలిస్తే తగ్గక ఏమవుతుంది? అదే నేల, అవే బూట్లు, అదే టైము, వార్మప్ అయ్యాక మూడు ప్రయత్నాలు, వాటిలో మంచిది రాసుకోవాలి. రెండు వారాలు వరుసగా తగ్గితేనే అది తగ్గినట్టు.

తర్వాత వారం లెక్క. ప్రతి సెషన్ అయ్యాక ఎంత కష్టంగా అనిపించిందో పదికి మార్కులు వేయించి, నిమిషాలతో గుణించండి. కోర్టులో 120 నిమిషాలు, ఏడు మార్కులు అంటే 840. జిమ్‌లో 60 నిమిషాలు, ఎనిమిది మార్కులు అంటే 480. స్కూల్లో పీఈటీ సార్ పరుగెత్తించింది, వేసవి క్యాంపులో పెద్దవాళ్లతో ఆడింది, ఆదివారం కాలనీ క్రికెట్ కూడా ఇందులోకే వస్తాయి. ముగ్గురు సార్లు ఎవరికి వాళ్లు కాళ్ల వర్కవుట్ ఇచ్చేస్తారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మొత్తం ఈమధ్యే ఒక్కసారిగా పెరిగి ఉంటే ఒక వారం సెట్లు సగానికి తగ్గించండి, బార్ మీద బరువు మాత్రం తగ్గించొద్దు. జంప్ తిరిగొస్తే కథ అక్కడితో అయిపోయింది.

నిద్ర గురించి ఎక్కువ చెప్పను. రాత్రి పదిన్నర దాకా ట్యూషన్, పొద్దున నాలుగుకు అలారం అయితే ఏ ప్రోగ్రామూ పనిచేయదు.

ఇవన్నీ చూశాక కూడా తేడా దొరకలేదంటే, నన్ను ఒకసారి గట్టిగా దెబ్బకొట్టిన కారణానికి వద్దాం.

నాలుగేళ్ల కింద నా దగ్గరికి పదిహేడేళ్ల షట్లర్, అంటే బ్యాడ్మింటన్ ఆడే అమ్మాయి, వచ్చేది. ఇల్లు ఎల్బీనగర్ వైపు, కోర్టు గచ్చిబౌలి వైపు. నాలుగున్నరకు నాన్న స్కూటర్ మీద బయల్దేరేది. ఐదున్నర నుంచి ఎనిమిది దాకా కోర్టు, అటునుంచి అటే కాలేజీ, సాయంత్రం మళ్లీ నా దగ్గర జిమ్. స్క్వాట్ ఆగిపోయింది. నేను సెట్లు పెంచాను. జంప్ తగ్గింది. ఇంకో రోజు కలిపాను. "తింటున్నావామ్మా?" అంటే "తింటున్నా సార్" అనేది. కాటా ఎక్కించాను, 52 కిలోలు. మూడు నెలల కిందా 52 కిలోలే. బరువు తగ్గలేదు కాబట్టి తిండి సరిపోతోందనుకున్నాను. నేను బోల్తా పడింది సరిగ్గా అక్కడే.

తిండి చాలనప్పుడు బరువు తగ్గి తీరాలనేం లేదు. ఒంట్లో ఉన్న శక్తిని ముందు ఆట లాగేసుకుంటుంది. మిగిలింది చాలకపోతే శరీరం ఖర్చులు కోసుకుంటుంది: కండరం మరమ్మత్తు, ఎముక బలం, హార్మోన్లు, నెలసరి. కాటా ముల్లు మాత్రం కదలదు. దీనికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ (Relative Energy Deficiency in Sport, అంటే ఆటకు తగ్గ శక్తి ఒంటికి అందకపోవడం) అని పేరు పెట్టింది. అంతకుముందు ఇది ఆడపిల్లల సమస్యే అన్నట్టు చూసేవాళ్లు. మగపిల్లలకూ వస్తుందని అప్పుడే స్పష్టంగా చెప్పారు.

లెక్క కష్టమేం కాదు. 52 కిలోల అమ్మాయికి కొవ్వు పోగా 42 కిలోలు ఉందనుకోండి. రోజంతా తిన్నది 2000 క్యాలరీలు, ట్రైనింగ్‌లో కరిగింది 900. మిగిలిన 1100ని 42తో భాగిస్తే కిలోకు 26. ఇది 45 దగ్గర ఉంటే హాయిగా ఉన్నట్టు. 30 కంటే కింద చాలాకాలం ఉంటే ఎక్కడో ఒకచోట విరుగుతుంది. అంకెలు మనిషిని బట్టి అటూ ఇటూ అవుతాయి గానీ, ఇంత తేడాను పొరపాటు లెక్క అనుకోలేం.

నాకు ఈ లెక్క గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది. ఆ అమ్మాయి పిక్క ముందు ఎముక మీద ఒకేచోట వేలు పెడితే "అబ్బా" అంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మొదట్లో చాలాసార్లు కనిపించదు కూడా. ఎమ్మారైలో ఎముక మీద ఒత్తిడి గాయం బయటపడింది. అప్పుడు కూర్చోబెట్టి అడిగాను, తిన్నావా అని కాదు, ఏ గంటకు ఏం తిన్నావని.

"పొద్దున ఏం తిన్నావు?"

"చాయ్ తాగాను సార్. రెండు ఉస్మానియా బిస్కెట్లు."

"కోర్టు అయ్యాక?"

"క్లాసుకు లేటవుతుందని ఏం తినలేదు సార్."

ఒంటిగంట దాకా అంతే. పైగా ప్రతి శనివారం ఒక్కపొద్దు, ఆదివారం మ్యాచ్. నెలసరి నాలుగు నెలలుగా రావట్లేదని వాళ్లమ్మగారు డాక్టర్ దగ్గర చెబితే తెలిసింది. నేను ఎప్పుడూ అడగలేదు, మొహమాటం. ఇప్పుడు మొదటి రోజే వాళ్ల అమ్మగారితో ఒక మాట చెప్పి ఉంచుతాను: మూడు నెలలు తప్పితే నాకు కాదు, డాక్టరుకు చెప్పండి.

పరిష్కారం జిమ్‌లో లేదు. మూడు రోజులు నోట్లోకి వెళ్లింది గంటలతో సహా రాయించండి, అందులో ఒకటి మ్యాచ్ రోజు ఉండాలి. పెద్ద ఖాళీ ఎక్కడుందో అక్కడ పెట్టండి. మా దగ్గర కుదిరింది ఇది: బయల్దేరే ముందు అరటిపండు, నాలుగు ఖర్జూరాలు. కోర్టు దిగి బ్యాగు సర్దేలోపే పెరుగన్నం డబ్బా, రెండు ఉడికిన గుడ్లు. గుడ్డు తినని ఇళ్లలో పనీర్ గానీ పల్లీలు గానీ. సాయంత్రం జిమ్‌కు గంటన్నర ముందు ఉప్మా లేదా రెండు చపాతీలు. జేబులో పల్లీ చిక్కీ. ముందు రోజుకు 300 నుంచి 500 క్యాలరీలు పెంచితే చాలు, ఒకేసారి కుక్కితే కడుపు ఒప్పుకోదు. ఒక్కపొద్దు మానేయమని నేను చెప్పను, ఆ రోజు విశ్రాంతి పెట్టుకోమంటాను. రంజాన్ నెలలో జిమ్ ఇఫ్తార్ తర్వాతకు జరుపుతాం. ఇదీ అంతే. ఒకేచోట ఎముక నొప్పి ఉంటే మాత్రం తిండితో సరిపెట్టుకోకుండా గెంతడం ఆ రోజే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

రక్తపరీక్ష రాస్తే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే పరీక్ష) కూడా అడగండి. హీమోగ్లోబిన్ బాగానే ఉండి ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. భోజనంతో పాటు చాయ్ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు, గంట ఆగి తాగండి. మాత్రలు సొంతంగా మింగొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో అయితే నీళ్లు కూడా చూడాలి. సెషన్ ముందూ తర్వాతా కాటా ఎక్కితే, తగ్గిన కిలో దాదాపు లీటరు చెమట. కాటా నిజం చెప్పేది ఈ ఒక్క చోటే.

థైరాయిడ్, విటమిన్లు, "బాడీ టైప్", బార్ పట్టుకునే తీరు... వీటి గురించి నన్ను గంటలకొద్దీ అడుగుతారు. ఉంటాయి, కాదనను. థైరాయిడ్ డాక్టర్ చూసుకుంటారు. మిగతావి డబ్బా నిండాక మాట్లాడుకుందాం.

తిండి సరిచేశాక జంప్‌ను వారానికి ఒక్కసారే, గురువారం లాంటి మధ్య రోజున కొలవండి. రోజూ కొలిస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు. ఆ అమ్మాయికి ఎముక మానాక జంప్ పాత గుర్తును దాటడానికి ఐదు వారాలు పట్టింది, నెలసరి సర్దుకోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది. నేను పెంచిన సెట్లన్నీ అప్పటికే తీసేశాను.