విద్యార్థుల పియానో, వయొలిన్, చెల్లో కచేరీ: ఏర్పాట్లు చేసుకునే తీరు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకుంటున్న పిల్లల చేత కచేరీ చేయించదలచిన గురువులు హాలు ఖాయం చేసుకునే ముందే అక్కడి పియానోను స్వయంగా వాయించి చూడాలి. వయొలిన్ శ్రుతి తప్పితే బిరడా తిప్పి క్షణంలో సరిచేసుకోవచ్చు గానీ, రెండు వందలకు పైగా తీగలున్న పియానోను వేదిక మీద అప్పటికప్పుడు సవరించడం సాధ్యం కాదు కాబట్టి, మిగిలిన వాద్యాలన్నీ దానికే లొంగి నడవాలి. పియానోను మరోచోటి నుంచి తెప్పిస్తే, కొత్త గది వాతావరణానికి అది అలవాటు పడేందుకు కొన్ని రోజులు ఆగి ఆ తరువాతే శ్రుతి చేయించాలి. విశాఖ వంటి తీర నగరాలలో వానాకాలపు తేమకు పియానో చెక్క ఉబ్బి శ్రుతి మారుతుంది గనుక, ఆ నెలల్లో ఈ పనిని కచేరీకి ముందురోజు పెట్టుకోవడం మేలు.

చాలామంది పొరపడేది ఇక్కడే. పిల్లల ఫోన్లలో శ్రుతి చూపే ట్యూనర్లు, వాద్యాలన్నీ శ్రుతి కలుపుకునే 'ఎ' స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా చూపుతాయి. పాత పియానోలో అదే స్వరం 436 దగ్గరే పలకవచ్చు. ప్రతి బిడ్డా ఇంటి దగ్గరే శ్రుతి చేసుకుని వచ్చి అలాగే వాయిస్తే, పాఠం ఎంత బాగా వచ్చినా మొదటి వరుసకే అపశ్రుతి వినిపిస్తుంది. అందువల్ల పియానో మీద 'ఎ' మోగించి, ట్యూనర్‌ను ఆ అంకెకు మార్చి, తెర వెనుక ఒక్కరే అన్ని వయొలిన్లనూ, చెల్లోలనూ (నేల మీద ఆనించి, కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యాలు) శ్రుతి చేయాలి. పిల్లలు వాడే అర, ముప్పావు సైజు వయొలిన్ల బిరడాలు తరచుగా జారుతుంటాయి కాబట్టి, వేదిక ఎక్కే ముందు మరోసారి సరిచూడడం తప్పనిసరి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట వాద్యాలను ఉంచకూడదు.

హాలులో ఒక్కసారైనా అభ్యాసం జరగాలి. ఇందులో సంగీతం కన్నా కుర్చీల సంగతే ఎక్కువ తేలుతుంది. నున్నటి గ్రానైట్ నేల మీద చెల్లో అడుగున ఉండే ఇనుప మొన జారిపోతుంది; కుర్చీ ముందు కాలికి పట్టీ కట్టి, దాని రెండో కొసలో మొనను నిలిపితే సరిపోతుంది. ఏడేళ్ళ పిల్లవాడి తరువాత పదహారేళ్ళ అమ్మాయి పియానో ముందు కూర్చుంటే, కూర్చునే బల్ల ఎత్తు మార్చడానికి ఒక మనిషి ఉండాలి. వయొలిన్‌కు పక్కవాద్యంగా పియానో వాయించేవారు ప్రతి బిడ్డ నడకనూ ముందే విని ఉండాలి, ఎందుకంటే భయంతో వేగం పెంచేసిన బిడ్డను వెంబడించవలసింది వారే. పియానో మూతను పూర్తిగా ఎత్తితే చిన్న వయొలిన్ల నాదం దాని కింద మునిగిపోతుంది. చిన్న ఊతకర్ర మీద నిలిపితే చాలు.

పదిహేను మంది పిల్లలు తలా 3 నిమిషాలు వాయిస్తే 45 నిమిషాలు. రాకపోకలకు, శ్రుతికి ఒక్కొక్కరికి ఒక నిమిషం కలిపితే గంట అవుతుంది. పసివాళ్ళు అంతకు మించి కూర్చోలేరు, నిజానికి పెద్దలూ కూర్చోలేరు. చిన్నవారిని మొదట, పెద్దవారిని చివర పెట్టే వరుస మంచిదే, కానీ పియానో అంశాలన్నీ ఒక గుత్తిగా, తంత్రీ వాద్యాలన్నీ మరో గుత్తిగా ఉంచితే సామాను సర్దే పని సగం తగ్గుతుంది.

కార్యక్రమ పత్రంలో పేర్లు జాగ్రత్తగా వేయాలి. దాదాపు ప్రతి పియానో విద్యార్థీ వాయించే జి మేజర్ మినుయెట్ అనే చిన్న నృత్య రచన, స్వరకర్త బాఖ్ భార్య ఆనా మాగ్దలేనా బాఖ్ 1725 నాటి సంగీత పుస్తకంలో ఉన్నందువల్ల బాఖ్ పేరుతో చలామణి అవుతోంది గానీ, అది క్రిస్టియన్ పెట్‌సోల్డ్ రచన. వివాల్డీ ఎ మైనర్ కాన్సెర్టో (ఒక వాద్యం ప్రధానంగా, మిగిలినవి తోడుగా సాగే రచన) వంటి మూడు భాగాల రచన ఉంటే, భాగాల మధ్య చప్పట్లు కొట్టవద్దని పత్రంలోనే ఒక వాక్యం వేయించాలి. అయినా కొడతారు, అప్పుడు బిడ్డ చిరునవ్వుతో ఆగి, సద్దుమణిగాక కొనసాగించాలని ముందే చెప్పి ఉంచాలి.

పుస్తకం చూడకుండా వాయించే పిల్లలకు రచనలో మూడు నాలుగు మజిలీలు గుర్తు పెట్టి, వాటిలో ఎక్కడి నుంచైనా మొదలుపెట్టగలిగేలా ఇంట్లోనే సాధన చేయించాలి. వేదిక మీద మరిచిపోయిన బిడ్డ మొదటికి వెళితే మళ్ళీ అదే చోట చిక్కుకుంటుంది. తరువాతి మజిలీకి దూకితే వినేవారిలో చాలామంది గమనించరు.