విశాఖలో అద్దె కోసం ఫ్లాటు కొనాలంటే ఎలా మొదలుపెట్టాలి?

మనం ఉండటానికి కొనే ఇల్లు వేరు, అద్దెకివ్వడానికి కొనే ఇల్లు వేరు. ఈ రెండూ కలిపేసుకుని, బాల్కనీలోంచి సముద్రం కనబడుతోందని లక్షలకు లక్షలు ఎక్కువ పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ధర పెరిగినంతగా అద్దె పెరగదు.

అందుకే ముందు ఫ్లాట్లు చూడకండి, అద్దెలు తెలుసుకోండి. ఓ ఆదివారం పొద్దున్నే మీరు అనుకున్న ఏరియాలో తిరిగి, టూలెట్ బోర్డు కనబడిన ప్రతిచోటా అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, మెయింటెనెన్స్ అందులోనేనా అని అడగండి. ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో మాత్రం వాచ్‌మన్‌నే అడగాలి. మధురవాడ, పీఎం పాలెం వైపు రుషికొండ ఐటీ ఉద్యోగులు దిగుతారు, గాజువాక, కూర్మన్నపాలెం వైపు స్టీల్‌ప్లాంటు, పరవాడ ఫార్మా కంపెనీలవాళ్లు. ఒకే కంపెనీనో ఒకే కాలేజీనో నమ్ముకున్న వీధి కన్నా రెండు మూడు రకాలవాళ్లు వచ్చే చోటు నయం.

తర్వాత కాగితం తీసుకుని లెక్క వేయండి. 60 లక్షల ఫ్లాటుకు నెలకు 18 వేలు అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 2.16 లక్షలు, అంటే 3.6 శాతం. ఇంటి పన్ను, రిపేర్లు, ఎవరూ లేని ఓ నెల తీసేస్తే మూడు శాతం మిగలడమే గొప్ప. అదే ఫ్లాటుకు 45 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు లోన్ తీసుకుంటే ఈఎంఐ సుమారు 39 వేలు. అద్దె పోను నెలనెలా 21 వేలు మీ జీతంలోంచే కట్టాలి. అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుందని ఎవరైనా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు, అదీ చేతిలో ఉండాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టి ప్రభుత్వానికి కట్టాల్సింది కొనేవాళ్లే. ఇవన్నీ తట్టుకోలేమనిపిస్తే చిన్న ఫ్లాటు చూడండి, లేదా ఇంకొన్నాళ్లు ఆగండి, తప్పేం లేదు.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు), మంజూరైన ప్లాను, ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఉండొచ్చని ఇచ్చే పత్రం), యూడీఎస్ (స్థలంలో మీ ఫ్లాటుకు వచ్చే వాటా) ఎన్ని గజాలో అన్నీ అడిగి, అడ్వాన్స్ ఇవ్వకముందే లాయరుకు చూపించండి. కొత్త ప్రాజెక్టయితే, మరీ చిన్నవి తప్ప, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాల్సిందే. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో తప్పకుండా చూడాలి. ముఖ్యంగా అడవివరం, వేపగుంట లాంటి చోట్ల పంచగ్రామాల (ఐదు ఊళ్ల) భూములు సింహాచలం దేవస్థానానివా, అక్కడ ఉంటున్నవాళ్లవా అనే గొడవ ఏళ్ల తరబడి నడుస్తోంది. ధర తక్కువని తొందరపడితే రేపు అమ్ముకోవడానికీ ఇబ్బందే.

బీచ్ దగ్గర పాత ఫ్లాటయితే ఉప్పుగాలి ఏం చేసిందో దగ్గరగా చూడండి. కిటికీ గ్రిల్ అడుగున రంగు పొంగి రేకులుగా లేస్తోందా, బాత్రూం శ్లాబు మీద గోధుమరంగు చారలున్నాయా, బాల్కనీ అంచున సిమెంటు పెచ్చులూడి లోపలి ఇనుము కనబడుతోందా? పైన కొత్త రంగు కొట్టినా ఇనుము లోపల తుప్పు పడుతూనే ఉంటుంది, ఆ రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు. నీళ్ల సంగతి వేసవిలోనే కనుక్కోండి, ట్యాంకర్లు తెప్పించే అపార్ట్‌మెంట్‌లో జనం ఎక్కువ కాలం ఉండరు.

కొన్నాక అద్దెకిచ్చేటప్పుడు చుట్టాలైనా సరే అగ్రిమెంటు రాసుకోండి. రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని చాలామంది 11 నెలలకు రాసుకుంటారు, కానీ మన రాష్ట్రంలో ఏడాదిలోపు అగ్రిమెంటునైనా రిజిస్టర్ చేయాలి. అద్దె ఆదాయం ఐటీ రిటర్నులో చూపించండి, కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఎలాగూ వస్తుంది. తాళాలిచ్చే రోజునే గదుల ఫొటోలు, కరెంటు మీటరు రీడింగు తీసి వాళ్లకీ వాట్సాప్‌లో పంపించండి.