అయానిక బంధం: ఎలక్ట్రాన్ల బదిలీ బొమ్మ తప్పుల్లేకుండా వేయడం ఎలా?

ముందు ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే ఏ కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో, రాసుకోండి. చాలామంది ఇది వదిలేసి నేరుగా ఎలక్ట్రాన్లకి గుర్తుగా చుక్కలు పెట్టేస్తారు, లెక్క తప్పేది అక్కడే. సోడియం పరమాణు సంఖ్య 11, అంటే 2, 8, 1. క్లోరిన్‌ది 17, అంటే 2, 8, 7. చుక్కలకి కావాల్సింది చివరి అంకె ఒక్కటే: సోడియం పక్కన 1, క్లోరిన్ చుట్టూ 7. సోడియం ఎలక్ట్రాన్‌ని మాత్రం చుక్కగా కాకుండా ఇంటూ గుర్తుగా వేయండి, బదిలీ అయ్యాక క్లోరిన్ దగ్గర ఏది ఎవరిదో ఇట్టే తెలుస్తుంది.

ఇప్పుడు సోడియం నుంచి క్లోరిన్ వైపు బాణం గీయండి. సోడియంకి 2, 8 మిగిలింది, నియాన్ విన్యాసం. క్లోరిన్ 2, 8, 8 అయింది, ఆర్గాన్ విన్యాసం. అంతమాత్రాన సోడియం నియాన్ అయిపోదండోయ్, కేంద్రకంలో 11 ప్రోటాన్లు కదలకుండా ఉన్నాయి, ఎలక్ట్రాన్లు 10కి తగ్గాయి, ప్లస్ 1 వచ్చింది అందుకే. క్లోరిన్‌కి 17 ప్రోటాన్లు, 18 ఎలక్ట్రాన్లు, కాబట్టి మైనస్ 1. ఇలా ఆవేశం వచ్చిన పరమాణువులే అయాన్లు. రెండు అయాన్లనీ విడివిడిగా స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టి, పైన కుడివైపు ఆవేశం వేయండి.

ఇచ్చినవీ తీసుకున్నవీ సమానం కావాలి, ఫార్ములా దాన్నిబట్టే వస్తుంది. మెగ్నీషియం 2 ఇస్తుంది, ఒక్కో క్లోరిన్ ఒక్కటే తీసుకుంటుంది, కాబట్టి రెండు క్లోరిన్లు. అల్యూమినియం 3 ఇస్తుంది, ఆక్సిజన్‌కి 2 చాలు. లెక్క 6 దగ్గర కుదురుతుంది, రెండు అల్యూమినియంలు, మూడు ఆక్సిజన్లు.

"సోడియం ఎలక్ట్రాన్‌ని ఇష్టంగా ఇచ్చేస్తుంది" అని మాత్రం రాయకండి, నాకు అస్సలు నచ్చని వాక్యం అది. వాయు స్థితిలో ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు లాగాలంటే సుమారు 496 కిలోజౌల్స్ ఖర్చు, వాటిని క్లోరిన్ తీసుకున్నప్పుడు తిరిగొచ్చేది సుమారు 349 మాత్రమే, అంటే ఇంకా నష్టంలోనే ఉన్నాం. ప్లస్, మైనస్ అయాన్లు దగ్గరై స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు దాదాపు 787 కిలోజౌల్స్ విడుదలవుతాయి, నష్టం పూడేది దాంతోనే.

ఆ స్ఫటికంలో ప్రతి సోడియం అయాన్ చుట్టూ 6 క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ 6 సోడియంలు ఉంటాయి. ఇక్కడ జంటలేవీ ఉండవు కాబట్టి జవాబులో "సోడియం క్లోరైడ్ అణువు" అని కాకుండా "ఫార్ములా యూనిట్" (స్ఫటికంలో అయాన్ల కనిష్ఠ నిష్పత్తిని చూపేది) అని రాయండి.