వీబీఎస్ పెట్టే ముందు: ఎండ, నీళ్ళు, ఇంటికి పంపే వేళ

బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. వీబీఎస్‌కు, అంటే వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులకు (వెకేషన్ బైబిల్ స్కూల్), దొరికేది ఆ నెలన్నరే, బెజవాడ, గుంటూరు నిప్పుల కొలిమి అయ్యేదీ అప్పుడే. తేదీలు పెద్దల మీటింగులో వీలును బట్టి కాక ఎండను బట్టి పెట్టుకోండి. సెలవులివ్వగానే మొదలుపెట్టి మే మొదటి వారంలో ముగిస్తే మేలు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండలంటారు కదా, ఆ రోజుల్లో వంద మంది పిల్లల్ని రేకుల షెడ్డులో కూర్చోబెట్టడం మాత్రం వద్దు.

వేళ ఉదయం ఏడు నుంచి పది. పదిన్నర అంటే పదకొండవుతుంది, పదకొండుకి తారు రోడ్డు మీద నడవలేం. పిల్లలు ఆలస్యంగా వస్తున్నారని తొమ్మిదికి మొదలుపెట్టే సంఘాలున్నాయి. పాఠం ఒకటి తగ్గినా ఫరవాలేదు గానీ వేళ జరపొద్దు. గ్రౌండులో ఆటలు ఎనిమిదింటికల్లా అయిపోవాలి, ఆ తర్వాత కథ, కంఠత వాక్యం, క్రాఫ్టు నీడలోనే. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తుంది. ముందు రోజు సాయంత్రం చూసి, మీ మండలానికి తీవ్ర వడగాలి అని ఉంటే మర్నాటి తరగతి రద్దు చేసి తల్లిదండ్రులకు రాత్రే కబురు పంపండి.

రేకుల కప్పు కింద ఫ్యాను తిప్పితే పైన కాగిన గాలే నెత్తిన పడుతుంది. కప్పు మీద తెల్ల సున్నం వేయించండి, లేదా తాటాకులు పరిపించండి. కూలర్లు పెట్టి కిటికీలు మూయడం చాలామంది చేసే పొరపాటు. అసలే మన దగ్గర ఉక్క. దానికి కూలరు తేమ, ఎనభై మంది ఊపిరి తోడైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. కూలరు పెట్టిన గోడకు ఎదురుగా ఉన్న కిటికీలన్నీ బార్లా తీసి ఉంచాలి. ఇనుప బాడీ కూలర్లతో ఇంకో భయం కరెంటు షాకు. మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, ఎర్త్ పనిచేస్తోందని ఎలక్ట్రీషియను చూసి చెప్పాలి, బోర్డులో 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉండాలి. ప్లగ్గు తీశాకే నీళ్ళు పోయాలి. పిల్లల చేతికి అందేచోట కూలరు పెట్టొద్దు.

వంద మందికి మూడు గంటలకు తాగడానికే కనీసం వంద లీటర్ల నీళ్ళు కావాలి, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు అయిదు. ఏడు తెప్పించండి. దాహమేసినవాళ్ళు వెళ్ళి తాగుతారులే అనుకోకండి, యాక్షన్ సాంగ్స్ మధ్యలో ఏ పిల్లాడూ వెళ్ళడు. అరగంటకోసారి గంట కొట్టి అందరిచేతా ఒక గ్లాసు తాగించాలి. క్యాను మూత తీసి గ్లాసు ముంచడం కాదు, కుళాయి ఉన్న డిస్పెన్సరే వాడాలి. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో ఒకరు స్వయంగా చూసి రావాలి. 2018లో గుంటూరులో తాగునీరు కలుషితమై అతిసారం ఎంతటి పని చేసిందో ఊరు మర్చిపోలేదు.

రస్నా కన్నా మజ్జిగ మేలు. మూడు లీటర్ల పెరుగుకు పన్నెండు లీటర్ల నీళ్ళు పోసి చిలికి, ఉప్పు, కరివేపాకు వేస్తే వంద చిన్న గ్లాసులు వస్తాయి. చల్లగా ఉండాలని ఐసు ఫ్యాక్టరీ దిమ్మ కొట్టి అందులో వేయకండి, అది చేపల పెట్టెలకు పనికొచ్చే ఐసు. కుండలో పోసి తడిగుడ్డ చుట్టండి. టిఫిను కింద పులిహోర పెట్టేటట్టయితే తెల్లవారి వండించాలి, అన్నం వేడి మీద గిన్నెలో మూసి ఉంచకుండా పళ్ళాల్లో ఆరబోసి కలపాలి, తొమ్మిదిలోపు పంచెయ్యాలి. రాత్రి వండిన అన్నం ఈ ఉక్కలో తెల్లారేసరికి పాడవుతుంది. వాసన రాలేదంటే బాగున్నట్టు కాదు. అరటిపండు, గుగ్గిళ్ళు అయితే ఈ తంటాలేమీ లేవు. వేరుశనగ పడని పిల్లలుంటారు కాబట్టి చిక్కీ పంచే ముందు రిజిస్ట్రేషను ఫారం చూసుకోవాలి.

వడదెబ్బ గుర్తులు టీచర్లందరికీ మొదటి రోజే చెప్పాలి. అందరికంటే గట్టిగా పాడే పిల్లాడు ఉన్నట్టుండి గోడకి చేరబడి మాట్లాడకుండా కూర్చున్నాడంటే వెంటనే దగ్గరికెళ్ళి చూడండి. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం ఉంటే నీడలో పడుకోబెట్టి, గుండీలు విప్పి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించాలి. పెద్ద ప్యాకెట్టు ఒక్కటీ లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, చిటికెడు చిటికెడు కాదు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి. షాపులో అట్టడబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, లేదా ఫిట్స్ వస్తూ ఉంటే అది వడదెబ్బే. వెంటనే 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరాలి, చంకల్లో, గజ్జల్లో చల్లటి గుడ్డలు పెట్టాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు. జ్వరం బిళ్ళ దీనికి పనిచేయదు.

ఇంతకంటే ఎక్కువ బెంగ పెట్టుకోవలసింది వచ్చే పోయే వేళల గురించి. ఇంట్లోవాళ్ళు పిల్లాడు చర్చిలో ఉన్నాడనుకుంటారు, చర్చిలో ఇంట్లో ఉన్నాడనుకుంటారు, వాడేమో స్నేహితులతో కాలువ గట్టున ఉంటాడు. బెజవాడ నడిబొడ్డునే బందరు, ఏలూరు, రైవస్ కాలువలున్నాయి, అటు సీతానగరం వైపు కృష్ణ ఘాట్లున్నాయి. వేసవిలో నీళ్ళు తక్కువున్నట్టు కనిపిస్తాయి, కింద గుంటలు కనిపించవు. అందుకే ఏడున్నరకి హాజరు వేసి, నిన్న వచ్చి ఇవాళ రాని ప్రతి పిల్లాడి ఇంటికీ ఎనిమిదిలోపు ఫోను చేయాలి. ఈ పని ఒక్కరికే అప్పగించండి, ఆ మనిషికి పాఠం చెప్పే బాధ్యత పెట్టొద్దు.

రిజిస్ట్రేషను ఫారంలో పేరు, వయసుతో పాటు ఇద్దరి ఫోను నంబర్లు, ఉబ్బసం, ఫిట్స్, పడని తిండి, పిల్లాణ్ణి ఎవరు తీసుకెళ్తారు, తల్లి లేక తండ్రి సంతకం ఉండాలి. ఇతర మతాల ఇళ్ళ నుంచి పక్కింటి పిల్లలతో కలిసి వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళ అమ్మానాన్నల సంతకం తప్పనిసరి. ఫొటోలు వాట్సాప్‌లో పెట్టడానికి కూడా విడిగా అడగాలి.

విడిచిపెట్టేటప్పుడు అసలు గందరగోళం చెప్పుల దగ్గర. రెండు వందల చెప్పులు గుమ్మంలో కుప్పగా ఉంటాయి, వెనకవాళ్ళు తోస్తారు, చిన్నపిల్లలు కింద పడతారు, చెప్పు దొరకని పిల్ల ఒట్టి కాళ్ళతో రోడ్డెక్కుతుంది. బిగినర్స్, ప్రైమరీ, జూనియర్ ఇలా తరగతికో గోనెపట్టా వేసి చెప్పులు దాని మీదే విడిపించండి. ముందు చిన్నవాళ్ళను పంపండి, ఫారంలో ఉన్న మనిషి చేతికే అప్పగించి పేరు మీద టిక్కు పెట్టండి. "మామయ్యని" అంటూ కొత్తవాళ్ళొస్తే తల్లికి ఫోను చేశాకే. ఆటోల్లో డ్రైవరు పక్కన పిల్లల్ని వేలాడనివ్వొద్దు.

చిన్నపిల్లలు ఎనిమిది మందికి ఒకరు, పెద్దవాళ్ళు పదిహేను మందికి ఒకరు టీచరుండాలి. ప్రతి గదిలో ఇద్దరు పెద్దవాళ్ళు, తలుపు తెరిచి. ఎంత నమ్మకస్థుడైనా, పాస్టరు గారి తమ్ముడైనా, ఒక బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. బాత్రూముకు ఇద్దరిద్దరుగా, బయట ఒక అక్క. ఎవరైనా తనతో తప్పుగా ప్రవర్తించారని ఏ బిడ్డయినా చెప్తే పెద్దల మధ్య సర్దుబాటు చేయడానికి వీల్లేదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచినవాళ్ళకూ శిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోను చేయొచ్చు.

కుక్క కరిస్తే సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే సర్కారు ఆసుపత్రికి. పసుపూ కారమూ వద్దు.

ముగింపు రోజు సాయంత్రం పెడతారు కాబట్టి గాలివాన భయం. మే నెలలో మబ్బు పట్టిన అరగంటలో షామియానా లేచిపోతుంది. గుంజలకు తాళ్ళు నాలుగు వైపులా కట్టించండి, గాలి మొదలవగానే పిల్లల్ని పక్కా కట్టడంలోకి పంపి మైకు, లైట్లు ఆపేయండి. ర్యాలీ ఉంటే పొద్దున్నే. ఇనుప ఫ్రేము ఫ్లెక్సీలు కరెంటు తీగలకు తగులుతాయి, పిల్లల చేతికి అట్ట ప్లకార్డులు చాలు. బహుమతులు పంచేటప్పుడు హాజరు పట్టీ ఎవరికీ గుర్తుండదు, అందుకే ఆ రోజు దాన్ని గేటు దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో పెట్టండి. చివరి పేరు మీద టిక్కు పడ్డాక బాత్రూములు, మేడ మెట్లు, జనరేటరు వెనక ఒకసారి చూసి అప్పుడు తాళం వేయండి.