కాపా క్లోజ్ అయింది, డీవియేషన్ మళ్లీ వచ్చింది: ఎక్కడ తవ్వాలి?

మందులు, వ్యాక్సిన్లు, డయాగ్నస్టిక్ కిట్లు తయారయ్యే చోట కొత్త రకం క్వాలిటీ సమస్యలు రావడం తక్కువ. పాతవే మళ్లీ వస్తుంటాయి. రాసుకున్న పద్ధతి తప్పిన ప్రతి సంఘటన డీవియేషన్, దాన్ని సరిదిద్ది మళ్లీ రాకుండా చూసే ప్లాన్ కాపా. ప్రతిసారీ ఫారం నింపుతాం, కారణం రాస్తాం, ట్రైనింగ్ ఇస్తాం, సంతకాలు పెట్టించి మూసేస్తాం, కొన్ని నెలలకు అదే సమస్య ఇంకో బ్యాచ్ నంబరుతో టేబుల్ మీదికొస్తుంది. ల్యాబ్‌లో, ప్రొడక్షన్‌లో, గోడౌన్‌లో తరచూ కనిపించే కొన్ని లక్షణాలు, వాటి వెనక మామూలుగా ఉండే కారణాలు, చేయాల్సిన పనులు కింద రాస్తున్నాను. కొన్నింటికి రెండు ముక్కలు చాలు, కొన్నింటికి చాలవు.

లక్షణం: అదే డీవియేషన్ తిరిగొస్తోంది, ప్రతిసారీ కారణం "హ్యూమన్ ఎర్రర్", పరిష్కారం "రీట్రైనింగ్"

గత ఏడాది డీవియేషన్ల లిస్టు తీసి కారణం కాలమ్ మీద ఫిల్టర్ పెట్టండి. సగానికి పైగా హ్యూమన్ ఎర్రర్ అని వస్తే మీ దగ్గర అందరూ అజాగ్రత్తగా పనిచేస్తున్నారని కాదు, విచారణ చేసేవాళ్లు సగం దారిలో ఆగిపోతున్నారని అర్థం. ఆపరేటర్ తప్పు చేశాడని తేలాక అసలు పని మొదలవ్వాలి, చాలామంది సరిగ్గా అక్కడే ఫైలు మూసేస్తారు.

ఉదాహరణకి బ్యాచ్ రికార్డులో మిక్సింగ్ మొదలైన టైం రాయడం మర్చిపోయారనుకోండి. ట్రైనింగ్ ఇచ్చారు, మళ్లీ మర్చిపోయారు. మీటింగ్ రూంలో కూర్చుని ఐదుసార్లు "ఎందుకు" అని అడిగే బదులు ఆ పని జరిగే టైంకి వెళ్లి పక్కన నిలబడి చూస్తే, మిక్సర్ ఒక గదిలో ఉంది, రికార్డు ఇంకో గదిలో ఉంది, మిక్సర్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే అదే మనిషి పక్క మిషన్‌లో శాంపిల్ తీయాలి. ఇప్పుడు చెప్పండి, అతనికి ఏం నేర్పిస్తారు? ఎస్ఓపీ (పని ఎలా చేయాలో రాసిన పత్రం) అతనికి కంఠతా వచ్చు.

తేల్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటే: బాగా అనుభవమున్న ఇంకో మనిషిని అదే షిఫ్టులో, అదే ఒత్తిడిలో అక్కడ నిలబెడితే ఈ తప్పు జరిగే అవకాశం ఉందా? ఉంటే లోపం పని అమరికలో ఉంది. పరిష్కారం కూడా అక్కడే, ఈ వరసలో వెతకాలి. ముందు ఆ స్టెప్ అసలు అవసరమా అని చూడండి. అవసరమే అయితే తప్పు చేయడానికి వీల్లేకుండా చేయండి, అంటే బార్‌కోడ్ స్కాన్ కాకపోతే తూకం ముందుకు కదలకూడదు, టైం మిషనే రికార్డు చేయాలి. అదీ కుదరకపోతే రికార్డును పని జరిగే చోటికి తీసుకురండి. ట్రైనింగ్ వీటన్నిటి తర్వాత. ఒంటరిగా ట్రైనింగ్ ఒక్కటే పెట్టిన కాపాను క్యూఏ (క్వాలిటీ విభాగం) వెనక్కి పంపించాలి, కనీసం "ఇది ఎందుకు సరిపోతుంది" అని రాతపూర్వకంగా అడగాలి.

ఇంకో మూలకారణం గురించి ఎవరూ మాట్లాడరు, అది డ్యాష్‌బోర్డు. 30 రోజుల్లో మూసిన డీవియేషన్ల శాతం చూపించి మేనేజ్‌మెంట్ రివ్యూలో మెప్పు పొందే చోట, 29వ రోజుకి దొరికిన కారణమే మూలకారణం అయిపోతుంది. గడువు వద్దని కాదు, దాని పక్కన "తిరిగొచ్చినవి ఎన్ని" అనే అంకె కూడా పెట్టండి. రెండో అంకె లేకుండా మొదటిది చూస్తే మోసపోతారు.

కాపా పనిచేసిందా అని చూసే ఎఫెక్టివ్‌నెస్ చెక్ కూడా చాలాచోట్ల మొక్కుబడే. "3 నెలలు గమనించాం, పునరావృతం కాలేదు" అని రాస్తారు, తీరా చూస్తే ఆ ప్రొడక్ట్ ఆ 3 నెలల్లో ఒక్క బ్యాచ్ కూడా తయారవలేదు! ఏం కొలుస్తాం, ఎన్ని బ్యాచ్‌ల మీద కొలుస్తాం, ఎంత వస్తే ఫెయిల్ అంటాం అన్నది కాపా తెరిచిన రోజే రాసిపెట్టుకోవాలి. మూసేటప్పుడు రాసుకుంటే కావాల్సిన జవాబు వచ్చేలానే రాసుకుంటాం.

లక్షణం: మొదటి రిజల్ట్ ఫెయిల్, రీటెస్ట్ పాస్, బ్యాచ్ రిలీజ్

ఓఓఎస్ (పరిమితి దాటిన రిజల్ట్) వచ్చిన వెంటనే ల్యాబ్‌లో టెన్షన్ మొదలవుతుంది, ఆ టెన్షన్‌లో జరిగే మొదటి నష్టం ద్రావణాలు సింక్‌లో పారబోయడం. ఆ ఫ్లాస్కులూ వైల్సే మీ ఆధారాలు, విచారణ పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు. అదే వైల్‌ను మళ్లీ ఇంజెక్ట్ చేస్తే ఇన్‌స్ట్రుమెంట్ సంగతి తెలుస్తుంది, అదే స్టాక్ నుంచి మళ్లీ డైల్యూషన్ చేస్తే పిపెట్ సంగతి తెలుస్తుంది. ఇవి తప్పెక్కడుందో వెతకడానికే, వచ్చిన అంకెలను రిపోర్టులో పెట్టడానికి కాదు.

ల్యాబ్ తప్పు అని ఆధారంతో రుజువైతేనే మొదటి రిజల్ట్‌ను పక్కన పెట్టొచ్చు. "బహుశా డైల్యూషన్‌లో పొరపాటు జరిగి ఉండొచ్చు" అన్నది ఆధారం కాదు, కోరిక. రుజువు కాకపోతే విచారణ ప్రొడక్షన్‌లోకి వెళ్లాలి, రీటెస్టులు ఎన్ని చేయాలన్నది ముందే ఎస్ఓపీలో ఉండాలి, వీలైతే ఇంకో అనలిస్టు చేయాలి, ఎన్ని పాస్‌లు వచ్చినా ఆ మొదటి ఫెయిల్ లెక్కలోనే ఉండాలి. 1993లో అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ కేసులో కోర్టు తేల్చిన అసలు విషయం ఇదే: పాస్ వచ్చేదాకా టెస్టు చేస్తూ పోవడం కుదరదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చి 2022లో సవరించిన ఓఓఎస్ గైడెన్స్ కూడా ఆ దారిలోనే నడుస్తుంది.

సగటు ఇంకో ఉచ్చు. పరిమితి 95 నుంచి 105 శాతం అనుకుందాం. వచ్చినవి 94.1, 95.6, 96.2. సగటు 95.3, కాబట్టి పాస్ అంటారు. విడివిడి రిజల్ట్‌లకు పరిమితి వర్తించే టెస్టులో ఆ 94.1 ఓఓఎస్సే, సగటు దాన్ని దాచిపెట్టింది అంతే. పైగా మూడూ కింది అంచునే ఉన్నాయంటే ప్రాసెస్ మీకేదో చెబుతోంది.

మీ ల్యాబ్ పరిస్థితి ఒక్క చూపులో తెలియాలంటే ఏడాదిలో వచ్చిన ఓఓఎస్‌లలో ఎన్నింటిని "ల్యాబ్ ఎర్రర్" పేరుతో కొట్టేశారో లెక్క తీయండి. ఆ వంతు ఎక్కువగా ఉంటే రెండే అర్థాలు: ల్యాబ్ నిజంగానే అంత తప్పుగా పనిచేస్తోంది, లేదా ఫెయిల్ బ్యాచ్‌లు బయటికి పోతున్నాయి. రెండింట్లో ఏదీ శుభవార్త కాదు.

లక్షణం: ఆడిట్ ట్రెయిల్‌లో రిపోర్టులో లేని ఇంజెక్షన్లు

ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే చిట్టా ఆడిట్ ట్రెయిల్, ఇంజెక్షన్ అంటే శాంపిల్‌ను మిషన్‌లోకి ఎక్కించడం. "ట్రయల్", "టెస్ట్", "కండిషనింగ్" అనే ఫోల్డర్లలో అసలు శాంపిల్ ఇంజెక్షన్లు కనిపిస్తున్నాయా? ముందుగా ఒకసారి చూసుకుని, బాగుంటే అఫీషియల్‌గా ఇంజెక్ట్ చేయడం అన్నమాట. దీని వెనక సాధారణంగా భయం ఉంటుంది: ఓఓఎస్ తెస్తే మూడు వారాలు అనలిస్టునే నిలదీసే ల్యాబ్‌లో ఎవరైనా ముందు చాటుగా చూసుకుంటారు. సాఫ్ట్‌వేర్ వైపు చేయాల్సినవి సులువు. ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్, అడ్మిన్ హక్కులు ల్యాబ్ బయటివాళ్ల చేతిలో, కంప్యూటర్ గడియారం మార్చే వీలు లేకుండా లాక్, మాన్యువల్ ఇంటిగ్రేషన్‌కి (గ్రాఫ్‌లో పీక్ హద్దులు చేత్తో గీయడానికి) రాతలో కారణం, బ్యాచ్ రిలీజ్‌కి ముందే ఆ బ్యాచ్ ఆడిట్ ట్రెయిల్ రివ్యూ. వీటిలో కొన్నింటిని అమెరికా ఎలక్ట్రానిక్ రికార్డుల నిబంధన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 కూడా అడుగుతుంది. భయం వైపు పని మాత్రం సాఫ్ట్‌వేర్ కొంటే పోదు.

లక్షణం: "చిన్న మార్పే" అన్నారు, ఏళ్ల తర్వాత రీకాల్

బీపీ మందు వాల్సార్టాన్ సంగతి అందరికీ తెలిసిందే, కానీ కెమిస్ట్రీ దగ్గర చాలామంది ఆగిపోతారు కాబట్టి చెప్పుకుందాం. ఆ మందు అణువులోని టెట్రాజోల్ రింగు కట్టే స్టెప్‌లో ప్రాసెస్ మార్చారు. కొత్త పద్ధతిలో సోడియం అజైడ్, సాల్వెంట్‌గా డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్). మిగిలిపోయిన అజైడ్‌ను చంపడానికి సోడియం నైట్రైట్ వేశారు. ఆమ్లంలో నైట్రైట్ నైట్రస్ యాసిడ్ అవుతుంది, డీఎంఎఫ్ నుంచి వచ్చే డైమిథైల్ అమీన్‌తో అది కలిస్తే క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్‌డీఎంఏ. విడివిడిగా చూస్తే ప్రతి రసాయనం మామూలుదే. 2018 జులైలో రీకాల్స్ మొదలయ్యాయి. ఎన్‌డీఎంఏకి రోజుకి 96 నానోగ్రాముల పరిమితి పెట్టారు, అంత తక్కువ మోతాదు మామూలు ప్యూరిటీ టెస్టులో కనిపించదు, ఎందుకంటే ఆ టెస్టు దాన్ని వెతకడానికి పెట్టింది కాదు.

కాబట్టి మార్పులను ఆమోదించే ఛేంజ్ కంట్రోల్ ఫారంలో "స్పెసిఫికేషన్ మీట్ అవుతోంది, ప్రభావం లేదు" అని కనిపిస్తే అక్కడే ఆగండి. పాత ప్రాసెస్ కోసం రాసిన స్పెసిఫికేషన్ కొత్త ప్రాసెస్‌లో పుట్టే మలినాన్ని ఎలా పట్టుకుంటుంది? అడగాల్సినవి వేరు: కొత్తగా ఏ పదార్థం లోపలికి వస్తోంది, అందులో ముందే ఏ మలినాలుంటాయి, పాతవాటితో కలిస్తే ఏం పుట్టొచ్చు, రికవర్ చేసిన సాల్వెంట్ ఏ ప్రొడక్ట్ నుంచి ఏ ప్రొడక్ట్‌కి వెళ్తోంది. ఈ ఫారం మీద ప్రాసెస్ కెమిస్ట్ సంతకం లేకుండా క్యూఏ సంతకం ఉంటే దాని విలువ కాగితమంతే.

లక్షణం: సీఓఏలో (సరుకుతో వచ్చే టెస్టు సర్టిఫికెట్‌లో) అన్నీ పాస్, పదార్థమే వేరు

సిరప్‌లలో వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ బదులు విషపూరితమైన డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్న డ్రమ్ములు రావడం పాత కథ. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ ఎలిక్సిర్‌లో డైఇథిలీన్ గ్లైకాల్‌నే సాల్వెంట్‌గా వాడితే 100 మందికి పైగా చనిపోయారు. 2022 అక్టోబరులో గాంబియాలో దొరికిన పిల్లల సిరప్‌ల గురించి డబ్ల్యూహెచ్ఓ హెచ్చరిక జారీ చేసిందీ ఈ విషం గురించే. కారణం ఎక్కువగా మధ్యవర్తుల గొలుసు: అసలు తయారీదారు సీఓఏను ప్రతి ట్రేడరూ సొంత లెటర్‌హెడ్ మీదికి ఎక్కిస్తాడు. చేయాల్సింది, ఇలాంటి పదార్థాలకు ప్రతి డ్రమ్ము నుంచి శాంపిల్ తీసి ఐడెంటిటీతో పాటు డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ టెస్టు, పరిమితి 0.10 శాతం. అసలు తయారీదారు ఎవరో పేరుతో సహా తెలియకపోతే ఆ సరుకు తీసుకోకండి.

లక్షణం: 2–8 డిగ్రీల గదిలో రోజూ ఒకే టైంకి అలారం

ఒకే టైంకి వస్తోందంటే డీఫ్రాస్ట్ సైకిల్, లేదా లోడింగ్ టైంలో తలుపు. లాగర్ డేటాని తలుపు రిజిస్టరు పక్కన పెట్టి చూడండి, తేలిపోతుంది. ప్రోబ్ తలుపు దగ్గరుంటే గాలి వేడినే కొలుస్తుంది, గదంతా టెంపరేచర్ కొలిచే మ్యాపింగ్‌లో తేలిన హాట్ స్పాట్‌లో ఉండాలి. అలారం డిలే 5 నిమిషాల నుంచి 30కి పెంచడం మాత్రం పరిష్కారం కాదు, అలా చేసినవాళ్లని ఎందుకు చేశారో ఒకసారి అడగండి.

లక్షణం: అంకెలు మరీ బాగున్నాయి

స్టెరైల్ మందుల తయారీలో అత్యంత శుభ్రంగా ఉండాల్సిన గ్రేడ్ ఏ లో, సూక్ష్మజీవులను పట్టే ప్లేట్ల మీద ఏమీ పెరగకపోవడం మామూలే, అలాగే ఉండాలి కూడా. శుభ్రత స్థాయి తక్కువైన గ్రేడ్ సీ, డీ గదుల్లో నెలల తరబడి అన్ని ప్లేట్లూ సున్నా వస్తుంటే మాత్రం గది శుభ్రంగా ఉందని సంబరపడకుండా ప్లేట్లనే అనుమానించాలి. సెటిల్ ప్లేటు ఎక్కువసేపు తెరిచి ఉంచి మీడియా (సూక్ష్మజీవుల ఆహారం) ఎండిపోయిందా? గ్లవ్స్ మీద డిసిన్‌ఫెక్టెంట్ ఉండగానే ప్లేటుకి ఆనించారా, ప్లేటులో ఆ డిసిన్‌ఫెక్టెంట్‌ను విరిచే న్యూట్రలైజర్ ఉందా? పని జరిగేటప్పుడు కాకుండా గది ఖాళీగా ఉన్నప్పుడు శాంపిల్ తీస్తున్నారా? వాడి, ఇంక్యుబేట్ చేసిన ప్లేట్ల మీదే గ్రోత్ ప్రమోషన్ (సూక్ష్మజీవులు వేసి పెరుగుతాయో లేదో చూసే పరీక్ష) చేసి చూస్తే మొదటి ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

సేఫ్టీలోనూ ఇదే జబ్బు. రియాక్టర్లు, సాల్వెంట్లు, స్టీమ్ ఉన్న ప్లాంటులో ఏడాదంతా నియర్ మిస్ (తృటిలో తప్పిన ప్రమాదం) సున్నా అంటే ఎవరూ చెప్పట్లేదని. చెబితే విచారణ తమ మీదికే వస్తుందని, లేదా ప్రమాదం లేని రోజుల బోర్డు సున్నాకి పడితే బోనస్ పోతుందని. బోనస్‌ను ఆ బోర్డు నుంచి విడదీయండి, రిపోర్టు చేసినవాళ్లకి ఏం మార్చామో వారంలోపు చెప్పండి, రిపోర్టులు వాటంతటవే పెరుగుతాయి. మొదటి నెలల్లో అంకె పెరిగిందని పైవాళ్లు కంగారు పడతారు, ముందే చెప్పి ఉంచాలి.

ఇక్కడ నైట్రోజన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నైట్రోజన్ నింపి బ్లాంకెటింగ్ చేసిన రియాక్టర్ మ్యాన్‌హోల్ దగ్గర ఎవరికైనా తల తిరిగి, బయటికొచ్చి, నీళ్లు తాగి మళ్లీ పనిలో పడితే అది రికార్డుకి ఎక్కదు. అది దాదాపు చావు. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కన్నా తగ్గితే లోపలికి వెళ్లకూడదు, బాగా తగ్గిన చోట ఒకటి రెండు ఊపిరులకే మనిషి పడిపోతాడు, వాసన ఉండదు, ఉక్కిరిబిక్కిరి కూడా అనిపించదు. 1992 నుంచి 2002 వరకు అమెరికాలో నైట్రోజన్ వల్ల 80 మంది చనిపోయారని అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు తేల్చింది, కాపాడబోయి పోయినవాళ్లూ అందులో ఉన్నారు. లైన్ వాల్వ్ మూస్తే చాలదు, లైన్ విడదీయాలి లేదా బ్లైండ్ (దారి పూర్తిగా మూసే ప్లేటు) వేయాలి, లోపలి ఆక్సిజన్ కొలవాలి, మనిషి లోపలున్నంతసేపూ కొలుస్తూనే ఉండాలి. బయట నిలబడ్డ మనిషి బ్రీతింగ్ సెట్ లేకుండా లోపలికి దూకకూడదని పర్మిట్ మీద రాసి ఉండటమే కాదు, డ్రిల్‌లో చేసి చూపించాలి.

లక్షణం: దుష్ప్రభావాల రిపోర్టులు గడువు దాటుతున్నాయి

క్లినికల్ ట్రయల్‌లో ఊహించని, మందు వల్లేనేమో అనిపించే మరణం లేదా ప్రాణాపాయం అయితే 7 రోజులు, మిగతా ఊహించని తీవ్రమైనవి 15 రోజులు. ఆలస్యం ఎక్కువగా మొదటి రోజు ఎప్పుడన్న దగ్గరే జరుగుతుంది. దుష్ప్రభావాలు చూసే ఫార్మకోవిజిలెన్స్ టీంకి మెయిల్ చేరిన రోజు కాదు లెక్క, కంపెనీలో ఎవరికైనా తెలిసిన రోజు. కంప్లయింట్ డెస్క్, సేల్స్, సోషల్ మీడియా చూసే ఏజెన్సీ, అందరి కాంట్రాక్టుల్లో 24 గంటల్లో చెప్పాలన్న నిబంధన పెట్టండి, అప్పుడప్పుడు డమ్మీ కేసు పంపి ఎంతసేపటికి చేరుతుందో చూడండి.

లక్షణం: పోయిన ఇన్‌స్పెక్షన్‌లో వచ్చిన అబ్జర్వేషన్ ఈసారీ వచ్చింది

483లో (ఇన్‌స్పెక్షన్ చివర ఎఫ్‌డీఏ ఇచ్చే లోపాల జాబితాలో) ఇన్‌స్పెక్టర్ రాసేది తనకి కనబడిన ఉదాహరణే. ఆ బ్యాచ్, ఆ గది, ఆ లాగ్‌బుక్ వరకే సరిచేసి జవాబు పంపితే మిగతా గదుల్లో అదే లోపం అలాగే ఉంటుంది. వార్నింగ్ లెటర్ ఇవ్వాలా వద్దా అని ఎఫ్‌డీఏ తేల్చుకునేలోపు మీ జవాబు పరిగణనలోకి రావాలంటే 15 పనిదినాల్లో చేరాలి. అంతలో అన్నీ పూర్తికావు, అది వాళ్లకీ తెలుసు. ఎక్కడెక్కడ వెతికారు, ఏం దొరికింది, ఇప్పటికే బయటికి వెళ్లిన బ్యాచ్‌ల సంగతేంటి, పూర్తయ్యేదాకా తాత్కాలికంగా ఏం కాపలా పెట్టారు అన్నవి రాసి, మిగతావాటికి దశలవారీగా తేదీలు ఇవ్వండి. ఆ తేదీల్లో ఏదైనా దాటిపోయేలా ఉంటే, దాటకముందే కారణంతో సహా రాయండి.