పాత గుడికి జీర్ణోద్ధరణ నిధులు: ఫైల్ ఎక్కడ ఆగుతుంది, ఎలా కదిలించాలి

కనిగిరి, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళలో రాతి గుళ్ళు చాలా ఉన్నాయి. మండపం కప్పు కారుతుంటుంది, గోపురం మీద రావి మొక్క మొలిచి ఉంటుంది. మా ఊరి గుడి కోసం పెట్టిన అర్జీ మూడుసార్లు వెనక్కొచ్చింది. ప్రతిసారీ కారణం వేరే. అవే ఇక్కడ రాస్తున్నాను, మీకు ఆ తిప్పలు తప్పాలని.

సమస్య: "ఇది మా పరిధిలోకి రాదు" అని అర్జీ తిప్పి పంపారు.

అర్జీ వేరే శాఖకు వెళ్ళిందన్నమాట. గుడి, దేవాదాయ శాఖ గుళ్ళ వివరాలు నమోదు చేసే 43 రిజిస్టర్‌లో ఉందో లేదో ముందు అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో చూడండి. ఉంటే ఆ శాఖ గుళ్ళకిచ్చే సర్వశ్రేయో నిధికి అడగొచ్చు. తితిదే శ్రీవాణి ట్రస్టు కూడా పాత గుళ్ళకు సాయం చేస్తుంది. గుడి రక్షిత కట్టడమైతే మాత్రం దారి వేరు. కేంద్రానిదైతే 1958 నాటి, రాష్ట్రానిదైతే 1960 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వర్తిస్తుంది. పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదపకూడదు. మీ గుడి రక్షితం కాకపోయినా, కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ మరమ్మతుకైనా ముందుగా అనుమతి తీసుకోవాలి.

సమస్య: "స్థలం కాగితాలు లేవు" అన్నారు.

మన ఊళ్ళలో గుడి చాలాసార్లు గ్రామకంఠంలో (ఊరి ఇళ్ళ ఉమ్మడి స్థలంలో) ఉంటుంది, పట్టా ఉండదు. ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూముల రిజిస్టర్) నకలు, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) స్కెచ్ తీసుకుని, గుడి ఎన్ని సెంట్లలో ఉందో తహసీల్దారు చేత ధృవీకరణ రాయించండి. 2022లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు నెల్లూరులో కలిసింది. ఇలా హద్దులు మారిన మండలాల వాళ్ళు పాత జిల్లా ఆఫీసులో రికార్డు ఏమైనా మిగిలిందేమో కూడా అడగాలి.

సమస్య: "పురాతనమని ఆధారమేది?"

"వెయ్యేళ్ళ నాటి గుడి" అని అర్జీలో రాస్తే సరిపోదు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సేకరించిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, ఒంగోలు కూడా 1904 దాకా అందులోనే ఉండేది. ఆ పుస్తకం తాలూకా వారీగా ఉంటుంది కాబట్టి మీ ఊరి పేరు వెతకడం సులువు. దొరికితే ఆ పేజీ నకలు, గుళ్ళో ఉన్న ఆ శాసనం రాయి ఫోటో కలిపి జత చేయండి. దయచేసి ఫోటో కోసమని రాయిని ఇసుక పెట్టి రుద్దకండి, ఆయిల్ పెయింట్ వేయకండి. అక్షరాలు పోతే మళ్ళీ రావు.

సమస్య: ఎస్టిమేట్ "సవరించి పంపవలెను" అని వచ్చింది. లేదా పాసైంది గానీ, రిపేరు చేసిన రెండేళ్ళకే మళ్ళీ కారుతోంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మా మండపంలో ఈశాన్య మూల మీద లోగడ ఎవరో సిమెంటు పూశారు. వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చింది. పలుగు మొన తగలగానే అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. దాని వెనక పాత సున్నం తడిసి ముద్దయి ఉంది. రాతి మీద తెల్లగా ఉప్పు పూసింది. నాలుక్కి తగిలిస్తే ఉప్పగానే ఉంది.

జరిగేది ఇది: పాత గార (సున్నపు పూత) తేమను పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీళ్ళు రాతిలోనే నిలిచి, ఆరినప్పుడు ఉప్పు గడ్డకట్టి రాతి పొరను నెట్టేస్తుంది. ఎస్టిమేట్ వేసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి రోజూ అలవాటైనవి సిమెంటు ప్లాస్టరింగు, ఆర్‌సీసీ స్లాబు. ఎస్టిమేట్‌లో అవే పడతాయి, తప్పు ఆయనొక్కరిదే కాదు. కొలతలకు వచ్చిన రోజునే మీరు స్థపతిని (గుళ్ళు కట్టే శిల్పిని) కూడా పిలవండి. గానుగ సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్ళతో గార అనీ, పగిలిన దూలం ఒక్కటే మార్చడం అనీ ఐటమ్ ఐటమ్‌గా రాయించండి. ఆ పనులకు కొటేషన్లు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటోలు జత చేస్తే పై ఆఫీసులో ప్రశ్నలు తగ్గుతాయి. రావి మొక్కను పైపైన కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. వేరు తీసి ఆ సందు గారతో పూడ్చే పని కూడా ఎస్టిమేట్‌లో ఉండాలి.

సమస్య: మంజూరైంది, డబ్బు రావడం లేదు.

పని ఖర్చులో ఊరి వాటా కట్టలేదేమో చూడండి. వాటా ఎంతన్నది ఉత్తర్వులను బట్టి మారుతుంటుంది కాబట్టి కాగితం మీద రాయించుకోండి. వాటా కట్టాక బిల్లు ఆగిందంటే చాలాసార్లు ఎం-బుక్ (చేసిన పని కొలతల పుస్తకం) రాయకపోవడమో, ముందు విడత డబ్బు ఖర్చు చేసినట్టు వినియోగ పత్రం వెళ్ళకపోవడమో కారణం.

సమస్య: ముహూర్తం దాటిపోతుందని గుడి విప్పేశాం, ఇప్పుడు నిధులు అడుగుతున్నాం.

మంజూరుకు ముందు చేసిన పనికి బిల్లు వస్తుందని ఆశ పెట్టుకోకండి. కానీ రాళ్ళన్నా కాపాడుకోవచ్చు. విప్పకముందు తీసిన పెళ్ళి ఫోటోలు, జాతర వీడియోలు ఇల్లిల్లూ తిరిగి పోగు చేయండి. ప్రతి రాయికీ, బయటికి కనపడని అతుకు ముఖం మీద నంబరు వేసి, వరుస తప్పకుండా పేర్చండి. శాసనం ఉన్న రాయిని ఎవరూ మెట్టు కింద వాడకుండా పక్కన నిలబెట్టండి. ఆ నంబర్ల జాబితాతోనే కొత్త ఎస్టిమేట్ మొదలుపెట్టించండి.